పాత పికప్ హ్యాండ్‌బ్రేకు: కేబులు బిగించే ముందు చూడవలసినవి

ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో, ముఖ్యంగా సెమిలిగుడ నుంచి పొట్టంగి దాకా రహదారి పక్కన ఆగి ఉన్న పికప్ బండ్లను గమనిస్తే, చాలా వాటి వెనక చక్రం కింద ఒక రాయి కనిపిస్తుంది. వాలు మీద నిలిపిన బండికి అడ్డు పెట్టడం మంచి అలవాటే. అయితే ఆ డ్రైవర్లను కదిపి చూస్తే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. "హ్యాండ్‌బ్రేకు పట్టదండి, పాత బండి కదా" అంటారు. బండికి వయసు మీరితే హ్యాండ్‌బ్రేకు బలహీనపడక తప్పదనీ, మరీ వదులైతే కింద కేబులు నట్టు బిగిస్తే సరిపోతుందనీ ఇక్కడ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. నేను ఈ టపాలో చెప్పదలచుకున్నది దానికి పూర్తిగా విరుద్ధమైన సంగతి. హ్యాండ్‌బ్రేకు బలహీనతకు మూలం ఎక్కువ సందర్భాల్లో వెనక డ్రమ్ముల, అంటే చక్రంతో పాటు తిరిగే గుండ్రని ఇనుప గిన్నెల, లోపల ఉంటుంది. కాబట్టి మరమ్మతు చక్రం దగ్గర మొదలై కేబులు నట్టు దగ్గర ముగియాలి గాని, నట్టు దగ్గర మొదలై అక్కడితోనే ఆగిపోకూడదు.

మా బావ నడిపే పికప్ నంబరు పలక మీద ఇప్పటికీ ఓఆర్ 10 అనే ఉంటుంది. రాష్ట్రం పేరు 2011లో ఒరిస్సా నుంచి ఒడిశాగా మారిన తరువాత కొత్త బండ్లకు ఓడీ అక్షరాలు వచ్చాయి కాబట్టి, ఆ పలకను చూస్తేనే బండి వయసు అంచనాకు అందుతుంది. కుందులి సంతలో అల్లం, బంగాళదుంప, క్యాబేజీ ఎత్తుకొని, పాత లెక్కలో 43, ఇప్పటి లెక్కలో 26 నంబరు జాతీయ రహదారి మీద పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగడం దాని పని. ఘాటులో టీ కోసం ఆపినప్పుడు, లివరును చివరిదాకా లాగినా సరుకుతో ఉన్న బండి మెల్లగా జారుతోందని బావ చెప్పాడు. లారీలకు పేరుపడ్డ సాలూరులో మాకు తెలిసిన మేస్త్రి దగ్గరకు బండిని తీసుకువెళ్లాము. ఆయన జాకీ తెమ్మనగానే బావకు విసుగు వచ్చింది.

"నట్టు నాలుగు చుట్లు తిప్పితే అయిపోయేదానికి సక్రాలిప్పడమేటి?" అన్నాడు.

"నట్టు తిప్పితే లివరు బిగుస్తాది బాబూ, బండి ఆగదు" అన్నాడు మేస్త్రి.

ఆ ఒక్క మాటలో ఉన్న విషయాన్ని విడమరచడానికి ముందు, హ్యాండ్‌బ్రేకు మీద పడే భారం ఎంతటిదో ఒకసారి లెక్క వేసుకోవడం అవసరం. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో బ్రేకులకు సంబంధించిన 13వ నిబంధన ప్రకారం, పూర్తి బరువుతో ఉన్న సరుకు బండిని పార్కింగ్ బ్రేకు ఒక్కటే 18 శాతం వాలు మీద, ముందు భాగం ఎగువకు ఉన్నా దిగువకు ఉన్నా, కదలకుండా నిలపగలగాలి. చేతి లివరు మీద పెట్టవలసిన బలం 600 న్యూటన్లకు, అంటే సుమారు 61 కిలోల బరువుకు, మించకూడదు. 18 శాతం వాలు అంటే 100 మీటర్ల దూరానికి 18 మీటర్ల ఎత్తు. సరుకుతో కలిపి 3 టన్నులున్న బండిని ఆ వాలు దాదాపు 530 కిలోల బలంతో కిందికి లాగుతుంది. టైరు వ్యాసార్ధం 35 సెంటీమీటర్లు, డ్రమ్ము వ్యాసార్ధం 14 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ లాగుడును ఆపడానికి డ్రమ్ము ఉపరితలం మీద దానికి రెండున్నర రెట్ల ఒరిపిడి, అంటే రెండు డ్రమ్ములకూ కలిపి 1,300 కిలోలకు పైగా పుట్టాలి. మనిషి ఒక్క చేత్తో లాగిన బలం లివరు పొడవు వల్ల కొంత, డ్రమ్ము లోపలి మీట వల్ల మరికొంత పెరిగి ఈ పని చేస్తుంది.

ఇప్పుడు ఘాటు సంగతి చూద్దాం. కొండ ప్రాంతాల రహదారులకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన సాధారణ వాలు 5 శాతం, తప్పనిసరైన చోట్ల 7 శాతం. అంటే జాతీయ రహదారి ఘాటులో బండిని కిందికి లాగే బలం పైన చెప్పిన పరీక్షలో ఉండేదానిలో మూడో వంతు చుట్టుపక్కలే ఉంటుంది. అందులోనూ కొంత భాగాన్ని టైర్ల ఒరిపిడే ఆపేస్తుంది. అటువంటి చోట కూడా బండి జారుతోందంటే, దాని హ్యాండ్‌బ్రేకు "కొంచెం వదులైంది" అనుకోవడానికి వీలు లేదు. ఉండవలసిన శక్తిలో మూడో వంతు కూడా దానికి లేదు. కొండ మీది ఊళ్లలోకి సరుకు కోసం ఎక్కే మట్టి బాటల వాలు రహదారి వాలుకన్నా చాలా ఎక్కువగా ఉంటుందనేది ఈ జిల్లాలో బండి నడిపే ఎవరికైనా తెలిసిందే. ఒక నట్టును నాలుగు చుట్లు తిప్పితే ఇంత లోటు తీరుతుందని నమ్మడం కష్టం.

ఈ తరగతి పికప్‌లలో సాధారణంగా కనిపించే ఏర్పాటు ఇలా ఉంటుంది. లివరు అడుగున పళ్లున్న ముక్క, దానిలో పడే కొక్కెం ఉంటాయి. లాగినప్పుడు వినిపించే టిక్కులు ఆ పళ్లవే. లివరు నుంచి ఒక కేబులు చాసీ మధ్యలో ఉన్న ఈక్వలైజర్ అనే అడ్డపట్టీ దాకా వస్తుంది. అక్కడి నుంచి రెండు కేబుళ్లు విడిపోయి ఎడమ, కుడి వెనక చక్రాలకు వెళతాయి. ప్రతి డ్రమ్ము లోపలా బ్రేకు షూలు అనే రెండు వంపు పట్టీలు ఉంటాయి, వాటిలో ఒకదానికి మీట బిగించి ఉంటుంది. కేబులు ఆ మీటను లాగితే, మీట ఒక అడ్డకమ్మీ ద్వారా రెండో షూను నెడుతుంది. దానితో రెండు షూలూ విచ్చుకొని డ్రమ్మును పట్టుకుంటాయి. కాలి బ్రేకు తొక్కినప్పుడు, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే వీల్ సిలిండర్ విప్పేదీ ఈ షూలనే. కనుక షూ మీద డ్రమ్మును రాసుకునే పొర, అంటే లైనింగు, అరిగినా, షూకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరిగినా రెండు బ్రేకులూ దెబ్బతింటాయి. అయితే కాలి బ్రేకులో ఆయిల్ ఆ సందును కొంతవరకు పూడ్చుకుంటుంది, ముందు చక్రాల బ్రేకులు కూడా తోడుంటాయి కాబట్టి లోపం చాలాకాలం బయటపడదు. కేబులు కదలగల దూరానికి హద్దు ఉంది గనుక హ్యాండ్‌బ్రేకులో అది ముందుగా తెలుస్తుంది. ఈ దృష్టితో చూస్తే బలహీనమైన హ్యాండ్‌బ్రేకు వెనక బ్రేకుల పరిస్థితి గురించి బండి చేస్తున్న ఫిర్యాదు. పాత విల్లీస్ జీపుల్లో మాత్రం హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర కాక గేర్‌బాక్సును ఆనుకొని ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, వెనక యాక్సిల్‌కు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉండేది. అటువంటి బండికి ఒక వెనక చక్రాన్ని జాకీ మీద లేపితే రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కారణంగా హ్యాండ్‌బ్రేకు ఉన్నా లేనట్టే అవుతుంది. ఇక్కడ చెబుతున్న పద్ధతి ఆ రకానికి వర్తించదు.

బండి కిందకు దూరే ముందు లివరు చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయి. లివరు మెత్తగా చాలా ఎత్తుకు వస్తూ, చివర్లో కూడా గట్టిదనం రాకపోతే, షూల దగ్గర సందు ఎక్కువైందనో కేబులు సాగిందనో అర్థం. కొద్ది పళ్లకే లివరు రాయిలా బిగుసుకుపోయి, అయినా బండి జారుతుంటే, కేబులు తొడుగులో తుప్పుతో పట్టేసి ఉండాలి, లేదా లైనింగు మీద ఆయిల్ పడి ఉండాలి, లేదా లైనింగు కాలి గాజులా నునుపెక్కి ఉండాలి. లివరు లాగిన చోట నిలవకుండా జారి కిందికి పడిపోతుంటే లోపం పళ్లలోనో కొక్కెంలోనో ఉంటుంది. దానికి ఆకురాయితో పళ్లు దిద్దడం కాకుండా భాగం మార్చడమే ఉపాయం. ఇంకొక చిన్న పరీక్ష నాకు చాలా ఉపయోగకరంగా తోచింది. బండిని సమతలం మీద నిలిపి కాలి బ్రేకు తొక్కి పెడలు ఎంత లోతుకు పోతున్నదో గమనించాలి. తరువాత హ్యాండ్‌బ్రేకును మూడు నాలుగు పళ్లు లాగి ఉంచి మళ్లీ తొక్కాలి. ఈసారి పెడలు స్పష్టంగా ఎత్తులో ఆగితే, వెనక షూలు డ్రమ్ముకు దూరంగా ఉన్నాయని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. మా బావ బండిలో జరిగింది అదే.

డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపాన్ని కూడా పట్టించుకోవాలి. చాలా బండ్లలో ఆ ఒక్క దీపమే హ్యాండ్‌బ్రేకు లాగి ఉందనీ, బ్రేకు ఆయిల్ తగ్గిందనీ రెండూ చెబుతుంది. లివరు పూర్తిగా దించినా దీపం వెలుగుతుంటే, లివరు కింద స్విచ్చును తప్పుపట్టే ముందు ఆయిల్ డబ్బా చూడాలి. లైనింగు అరిగేకొద్దీ ఆయిల్ మట్టం కొంత దిగుతుంది. ఎక్కడో కారుతున్నా దిగుతుంది.

ఇక చక్రం విప్పడం. బండిని సమతలమైన గట్టి నేల మీద నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, వెనక యాక్సిల్‌ను జాకీతో లేపిన తరువాత స్టాండ్ల మీద దించాలి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందకు వెళ్లకూడదు. ఇటుకలు స్టాండు కాదు. హ్యాండ్‌బ్రేకును పూర్తిగా దించితే గాని డ్రమ్ము రాదు. ఎర్రమన్నులోనూ వానలోనూ తిరిగిన బండికి డ్రమ్ము హబ్బుకు తుప్పుతో అతుక్కుపోయి ఉండటం మామూలే. చాలా డ్రమ్ములకు ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలుంటాయి, వాటిలోకి సరైన బోల్టులు ఎక్కించి ఒకదాని తరువాత ఒకటిగా కొద్దికొద్దిగా బిగిస్తే డ్రమ్ము తనంతట తానే బయటికి వస్తుంది. సుత్తితో అంచు మీద బాదితే పోత ఇనుము పగులుతుంది. లోపలి అంచు దగ్గర అరగని గట్టు ఏర్పడి షూలకు తట్టుకుంటుంటే, డ్రమ్ము వెనక మూతలా ఉండే బ్యాక్‌ప్లేట్ రంధ్రంలోంచి, షూల సందును సరిచేసే అడ్జస్టర్‌ను వదులు చేసి అప్పుడు లాగాలి.

డ్రమ్ము రాగానే లోపలి పొడిని కంప్రెసర్ గాలితో ఊదేయడం ఇక్కడి షెడ్లలో ప్రతిచోటా కనిపించే అలవాటు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఊపిరితిత్తులకు అది చేసే హాని ఏళ్ల తరువాత బయటపడుతుంది. పొడిని తడిపి గుడ్డతో తుడవడానికి పట్టే సమయం ఎక్కువేమీ కాదు.

మా బావ బండిలో ఎడమ డ్రమ్ము తెరవగానే కథ సగం తెలిసిపోయింది. లైనింగు మొత్తం నల్లగా, జిగటగా ఉంది. అటువంటప్పుడు కారింది ఏ ఆయిల్ అన్నది ముందుగా తేల్చుకోవాలి. బ్రేకు ఆయిల్ పలచగా ఉండి నీటితో కడిగితే పోతుంది, పడిన చోట రంగు ఊడగొడుతుంది. అది కనిపిస్తే వీల్ సిలిండర్ రబ్బర్లు పోయినట్టు. వెనక యాక్సిల్ గేర్లకు పోసే క్రౌన్ ఆయిల్ చిక్కగా, గంధకం కలిసిన ఘాటైన వాసనతో ఉంటుంది. అది కనిపిస్తే యాక్సిల్ ఆయిల్ సీల్ పోయినట్టు. మాది రెండోది. సీల్ మార్చి వదిలేస్తే అది మళ్లీ పోయేదే, ఎందుకంటే అసలు కారణం యాక్సిల్ హౌసింగ్ మీద ఉన్న చిన్న గాలి గొట్టం. ఘాటులో నడిచినప్పుడు హౌసింగ్ లోపలి ఆయిల్ వేడెక్కి, గాలి వ్యాకోచిస్తుంది. అది బయటికి పోయే దారి ఎర్రమన్నుతో మూసుకుపోతే, ఒత్తిడి ఆయిల్‌ను సీల్ అంచుల గుండా డ్రమ్ములోకి నెడుతుంది. మేస్త్రి దాన్ని విప్పి చూపించినప్పుడు లోపల మట్టి గడ్డకట్టి ఉంది. పదేళ్లు దాటిన పికప్ ఉన్నవాళ్లు వానాకాలం ముగిశాక ఈ గాలి గొట్టాన్ని ఒకసారి శుభ్రం చేసుకుంటే చాలా ఖర్చు తప్పుతుంది. హౌసింగ్‌లో ఆయిల్ హద్దుకు మించి పోసినా ఇదే ఫలితం వస్తుంది.

ఆయిల్ తాగిన లైనింగును పెట్రోలుతో కడగడం, మంట మీద కాల్చి మళ్లీ బిగించడం రోడ్డు పక్క షెడ్లలో జరుగుతూనే ఉంటుంది. దానిని నేను ఒప్పుకోలేను. లైనింగు లోతుల్లోకి ఇంకిన ఆయిల్ మొదటి ఘాటు వేడికే మళ్లీ పైకి చెమర్చుతుంది. ఆయిల్ తడిసినవాటిని మార్చవలసిందే, అదీ రెండు వైపులా కలిపి. ఒక వైపే కొత్త లైనింగు వేస్తే రెండు చక్రాలు వేర్వేరుగా పట్టి, తడి రోడ్డు మీద కాలి బ్రేకు తొక్కినప్పుడు బండి వెనక భాగం పక్కకు తిరిగే ప్రమాదం ఉంది. ఆయిల్ లేకుండా కేవలం నునుపెక్కిన లైనింగు అయితే, మందం తగినంత ఉన్నప్పుడు, గరుకు కాగితంతో రుద్ది మెరుపు పోగొట్టి వాడుకోవచ్చు. ఎంత మందం ఉండాలన్నదానికి ఆ బండి మాన్యువలే ప్రమాణం. చాలావాటిలో కనీస మందం 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. రివెట్ల తలలు డ్రమ్మును గీసే దాకా ఆగితే లైనింగుతో పాటు డ్రమ్మునూ మార్చవలసి వస్తుంది.

డ్రమ్ము వ్యాసాన్ని కొలవకుండా కొత్త షూలు వేయడం డబ్బు వృథా చేసుకోవడమే. ఎంతవరకు అరగవచ్చో చాలా డ్రమ్ముల మీద పోతలోనే అంకె వేసి ఉంటుంది. లేత్ మీద పదేపదే కోయించిన డ్రమ్ములో కొత్త షూ వంపు డ్రమ్ము వంపుతో కలవదు. లైనింగు మధ్యలో మాత్రమే ఆని, అంచులు గాలిలో ఉంటాయి. కాలి బ్రేకులో ఆయిల్ ఒత్తిడి దాన్ని కప్పిపుచ్చుతుంది గాని చేతి బలంతో నడిచే బ్రేకు కప్పిపుచ్చలేదు. "కొత్త షూలు వేయించినా హ్యాండ్‌బ్రేకు పట్టలేదు" అని వినిపించే చాలా ఫిర్యాదుల వెనక ఈ సంగతి ఉంటుందని మేస్త్రి అనుభవం.

కుడి వైపు డ్రమ్ములో ఆయిల్ లేదు. కాని అక్కడ అడ్జస్టర్ మర తుప్పుతో పట్టేసి, లైనింగు అరిగినా షూలు దగ్గరకు జరగలేదు. అడ్జస్టర్ అంటే పళ్ల చక్రం ఉన్న ఒక మరకమ్మీ. అది పొడవు పెరిగేకొద్దీ షూలు డ్రమ్ముకు చేరువవుతాయి. కొన్ని బండ్లలో వెనక్కి నడుపుతూ బ్రేకు తొక్కినప్పుడు, కొన్నిటిలో హ్యాండ్‌బ్రేకు లాగి వదిలినప్పుడు, మరికొన్నిటిలో మామూలుగా బ్రేకు వేసినప్పుడే అది తనంతట తాను తిరుగుతుంది. బాగా పాత బండ్లలో మనమే స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి. తనంతట తిరిగే రకంలో ఒక మెలిక ఉంది. చాలా డిజైన్లలో ఎడమ వైపు, కుడి వైపు మరలు పరస్పరం వ్యతిరేక దిశలో ఉంటాయి. రెండు డ్రమ్ములూ ఒకేసారి విప్పి భాగాలను ఒకే పళ్లెంలో వేసి కడిగితే అవి తారుమారయ్యే అవకాశం ఉంది. అప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ అడ్జస్టర్ షూలను దగ్గర చేయడానికి బదులు దూరం చేస్తుంది. అందుకే ఒక వైపు పని పూర్తయ్యాకే రెండో వైపు విప్పాలి. అనుమానం వస్తే చూసుకోవడానికి విప్పని డ్రమ్ము నమూనాగా మిగిలి ఉంటుంది. అడ్డకమ్మీ గాడిలో సరిగా కూర్చుందో లేదో, రిటర్న్ స్ప్రింగులు సాగిపోయాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోవాలి.

కేబుళ్ల వంతు దీని తరువాతే. రెండు కొసలూ విడదీసి, తొడుగులోపలి తీగను చేత్తో ఇటూ అటూ లాగి చూడాలి. సైకిలు బ్రేకు వైరులాగే, తొడుగులోకి నీరు చేరితే తీగ లోపలే తుప్పుపట్టి, లాగిన బలంలో చాలా భాగాన్ని దారిలోనే మింగేస్తుంది. కొస దగ్గర రబ్బరు తొడుగు చిరిగిన కేబులుకు ఈ గతి తప్పదు. అటువంటి కేబులులో ఆయిల్ పోసి కదిలించడం నాలుగు రోజుల ముచ్చట. దానికన్నా దారుణం, లాగిన తీగ తిరిగి వెనక్కి రాకపోవడం. అప్పుడు షూ డ్రమ్మును రాసుకుంటూనే ఉండి, ఘాటు దిగేలోపు చక్రం పొగలు కక్కుతుంది. కొత్త కేబులు కొనేటప్పుడు పాతదాన్ని పక్కన పెట్టి పొడవు కొలిచి తీసుకోవాలి. చాలా బండ్లలో ఎడమ, కుడి కేబుళ్ల పొడవులు వేరు. విజయనగరం దుకాణంలోనైనా జయపురం దుకాణంలోనైనా "అన్నిటికీ ఇదే సరిపోతాదండి" అని ఇచ్చేదాన్ని కొలవకుండా తెచ్చుకుంటే మళ్లీ ఘాటు ఎక్కి వెళ్లవలసి వస్తుంది. ఈక్వలైజర్ పట్టీ లాగినప్పుడు అడ్డంగా సమంగా నిలవాలి. ఒక పక్కకు ఒరిగిందంటే ఒక కేబులు పట్టేసిందనో, ఒక డ్రమ్ములో సందు ఎక్కువగా ఉందనో గుర్తు.

ఇప్పుడు మేస్త్రి అన్న మాట దగ్గరకు వద్దాం. మా బావ బండి కింద కేబులు నట్టు అప్పటికే మర చివరిదాకా బిగించి ఉంది. అంటే హ్యాండ్‌బ్రేకు వదులైన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ నట్టునే తిప్పుతూ వచ్చారు. అలా బిగించినప్పుడు డ్రమ్ము లోపలి మీట, లివరు దించి ఉన్నా, తన విశ్రాంతి స్థానానికి చేరుకోదు. ఎప్పుడూ కొంత లాగినట్టే ఉంటుంది. మీట పూర్తిగా వెనక్కి వస్తే గాని తనంతట తిరిగే అడ్జస్టర్ పనిచేయని డిజైన్లు చాలా ఉన్నాయి. కాబట్టి కేబులును బిగించడం వల్ల అడ్జస్టర్ ఆగిపోతుంది, అడ్జస్టర్ ఆగడం వల్ల సందు పెరుగుతుంది, సందు పెరగడం వల్ల మళ్లీ కేబులు బిగించవలసి వస్తుంది. లివరు మాత్రం ప్రతిసారీ గట్టిగా తగిలి యజమానికి ధైర్యం చెబుతూనే ఉంటుంది.

సరైన వరుస దీనికి తలకిందులుగా ఉంటుంది. మొదట కేబులు నట్టును బాగా వదులు చేసి, రెండు మీటలూ విశ్రాంతి స్థానంలో ఉన్నాయని చూసుకోవాలి. తరువాత డ్రమ్ము తొడిగి, చక్రం చేత్తో తిరగనంత వరకు అడ్జస్టర్‌ను బిగించి, ఆపైన లైనింగు కొద్దిగా రాసుకునే చప్పుడు వినిపిస్తూ చక్రం స్వేచ్ఛగా తిరిగే దాకా వదలాలి. కాలి బ్రేకును కొన్నిసార్లు గట్టిగా తొక్కితే షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి; అప్పుడు మళ్లీ తిప్పి చూడాలి. ఈ పని డ్రమ్ములు చల్లగా ఉన్నప్పుడే చేయాలి. వేడికి వ్యాకోచించిన డ్రమ్ముకు సరిపెట్టిన షూలు, అది చల్లారి కుంచించుకున్నాక పట్టేస్తాయి. అన్నీ అయ్యాక, కొత్త కేబులైతే లివరును పలుమార్లు గట్టిగా లాగి వదిలి తీగను సాగనిచ్చి, చివరగా కేబులు నట్టును బిగించాలి. లివరు ఎన్ని పళ్లకు పట్టాలన్నది మాన్యువల్‌లో ఉంటుంది. సాధారణంగా 5 నుంచి 8 పళ్ల మధ్య ఉంటుంది. చక్రాలు గాలిలో ఉండగా ఒక్కొక్క పన్నే లాగుతూ చూస్తే రెండు చక్రాలూ ఒకే పన్ను దగ్గర బిగియడం మొదలుపెట్టాలి. లివరు పూర్తిగా దించగానే రెండూ స్వేచ్ఛగా తిరగాలి. లాక్ నట్టు బిగించడం మరిచిపోకూడదు.

పికప్‌లో దీనికి మరొక మెట్టు ఉంది. వెనక యాక్సిల్ కమాను పట్టీల మీద ఉంటుంది గనుక, జాకీ మీద చాసీని లేపినప్పుడు యాక్సిల్ కిందికి వేలాడి కేబులు మార్గం మారుతుంది. సరుకు వేసినప్పుడు పట్టీలు చదునై ఇంకొక తీరుగా మారుతుంది. అందువల్ల స్టాండ్లను యాక్సిల్ కిందనే పెట్టి, పట్టీల మీద బండి బరువు ఉండగా కేబులును సరిచేయాలి. తరువాత సరుకు ఎత్తి ఒకసారి, ఖాళీగా ఒకసారి లివరు పళ్లు లెక్కపెట్టుకోవాలి. సరుకు ఎక్కగానే లివరు దించి ఉన్నా చక్రాలు రాసుకుంటున్నాయంటే నట్టు ఎక్కువ బిగించినట్టే.

పరీక్షను ముందుగా సమతలం మీద చేయాలి. హ్యాండ్‌బ్రేకు లాగి, మొదటి గేరులో క్లచ్చు మెల్లగా వదిలితే ఇంజిను ఆగిపోవాలి గాని బండి ముందుకు నడవకూడదు. దాని తరువాతే వాలు మీద. కాలు బ్రేకు మీద ఉంచి న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేకు లాగి, కాలును కొద్దికొద్దిగా తీయాలి. చెక్క దిమ్మ పట్టుకున్న మనిషి బండికి పక్కన నిలబడాలి, వెనక కాదు. ఎగువకు ముఖం పెట్టి ఒకసారి, దిగువకు పెట్టి ఒకసారి చూడటం అవసరం. బండి ముఖం దిగువకు ఉన్నప్పుడు బరువులో కొంత ముందు చక్రాల మీదికి వాలి, వెనక చక్రాల మీద భారం తగ్గుతుంది. ఖాళీ పికప్‌కు వెనక అసలే బరువు తక్కువ కాబట్టి, తడిసిన ఎర్రమన్ను వాలు మీద బ్రేకు గట్టిగా పట్టినా చక్రాలు తిరగకుండానే టైర్లు నేల మీద జారవచ్చు. అది బ్రేకు లోపం కాదు, దానికి నట్టు బిగించి ప్రయోజనం లేదు. అటువంటి చోట దిమ్మే దిక్కు.

హ్యాండ్‌బ్రేకు ఎలాగూ పట్టదని, గేరులో వేసి వదిలేసే అలవాటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎగువకు ముఖం ఉంటే మొదటి గేరు, దిగువకు ఉంటే రివర్సు వేసి ఉంచడం, ముందు చక్రాలను కొండ గోడ వైపు తిప్పి ఉంచడం మంచి పద్ధతులే, అయితే హ్యాండ్‌బ్రేకుకు తోడుగా మాత్రమే. పాత డీజిల్ ఇంజినులో పిస్టన్ రింగులు అరిగి ఉంటే, లోపల ఒత్తిడికి గురైన గాలి మెల్లగా కారిపోతూ, బండి కొంచెం జారి, ఆగి, మళ్లీ కొంచెం జారుతుంది. పైగా వాడని హ్యాండ్‌బ్రేకు కేబులు వాడినదానికన్నా త్వరగా తుప్పుపడుతుంది. లివరు లాగినప్పుడు తిరిగే అడ్జస్టర్ ఉన్న బండ్లలో వాడకపోవడమే సందు పెరగడానికి కారణమవుతుంది. సమతలం మీద ఆపినా లివరు లాగడం అలవాటు చేసుకొమ్మని నేను బావకు చెబుతూనే ఉన్నాను.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో బ్రేకులకు సంబంధించినది 96వ నియమం. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ధ్రువపత్రం ఒక్కొక్క ఏడాదికే ఇస్తారు కాబట్టి, ఈ పనినంతా ఆ తేదీకి కొన్ని వారాల ముందు పెట్టుకోవడం సౌకర్యంగా ఉంటుంది. ముందు రోజు పెట్టుకుంటే సమయం చాలదు, ఎందుకంటే కొత్త లైనింగు డ్రమ్ముకు పూర్తిగా ఒదగడానికి కొంత నడవాలి. ఆ తరువాత లివరు ఒకటి రెండు పళ్లు ఎక్కువ ఎత్తుకు వస్తుంది. మా బావ బండికి అలాగే వచ్చింది. ఈసారి మేస్త్రి చక్రాలు విప్పలేదు. బ్యాక్‌ప్లేట్ రబ్బరు బిళ్ల తీసి, అడ్జస్టర్‌ను రెండు వైపులా సమంగా కొద్దిగా తిప్పి, బిళ్లను మళ్లీ గట్టిగా నొక్కి పెట్టాడు. ఆ బిళ్ల లేకపోతే మొదటి వానకే మన ఎర్రమన్ను డ్రమ్ములోకి చేరుతుంది. కేబులు నట్టు జోలికి ఆయన పోలేదు.